కాలోయన్ పేరు మీద

రాజధాని సోఫియా నగరంలో 'కాలోయన్ జార్యెవ్ ప్రగతి మేధా కేంద్రం' ప్రారంభమవుతున్న సాయంత్రం. వేదిక వెనక చిన్న గదిలో ముగ్గురున్నారు. కాలోయన్ పాత స్నేహితుడు, కేంద్రాన్ని పెట్టిన పరిశ్రమల మాజీ మంత్రి ఓగ్న్యాన్, చనిపోయిన కాలోయన్ భార్య స్నెజాన, ఆ కేంద్రంలోనే ఉద్యోగంలో చేరిన ఆమె కూతురు రాలిత్సా.

"...అందుకే అంటున్నా వదినా, మీరు మాట్లాడక్కర్లేదు. రిబ్బను కత్తిరించి ముందు వరసలో కూర్చుంటే చాలు."

"మాట్లాడక్కర్లేదా, మాట్లాడకూడదా?"

"అయ్యో, మీ ఇష్టం. అలిసిపోయి వచ్చారని అన్నాను. మీ ఊరు బెలివిర్ నుంచి బస్సులో వచ్చారటగా. కారు పంపిస్తానంటే వద్దన్నారట."

"నీ కారు మా వీధిలోకి వస్తే జనం గుర్తుపడతారు ఓగ్న్యాన్. నీ కారు దిగి నువ్వు చేసిన మేలు ఇంకా మర్చిపోలేదు వాళ్ళు."

"అమ్మా, మొదలెట్టకు."

"ఏం మొదలెట్టానే? కారు సంగతి చెప్పాను."

"బాబాయ్, మీరేం అనుకోకండి. పొద్దుట్నుంచీ ఏం తినలేదు, అందుకే ఈ చిరాకు. అమ్మా, ఆ బానిత్సా ముక్క తిను. జున్ను బాగా పెట్టారు, వేడిగా ఉంది."

"వద్దు. తింటే బాగుందని చెప్పాలి."

"ఫర్వాలేదు రాలీ. మీ అమ్మ తిట్లు నాకు కొత్తా? హాస్టల్లో నేనూ మీ నాన్నా ఒకే గదిలో ఉన్నప్పట్నుంచీ తిడుతూనే ఉంది. తిట్టడం, ఆ వెంటనే పళ్ళెం నిండా కూరిన మిరపకాయలు వడ్డించడం."

"వడ్డించాను. నీ పళ్ళెమూ నేనే కడిగాను. బయట హాల్లో ఆయన ఫోటో ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. నవ్వుతున్నది అదొక్కటేగా ఉంది."

"ఆయన పోయినప్పుడు చావు నోటీసు మీద వేయించిందీ అదే. గుమ్మానికి అంటించాను. తెల్లారి తలుపు తీస్తే ఆ నవ్వు మీద ఉమ్మేసి ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే మొహం చెరిగిపోయింది."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ..."

"అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి పంచాలని గిన్నెనిండా గోధుమలు ఉడకబెట్టాను. ఒక్కరు... ఒక్కరు కూడా చెంచా ముంచలేదు."

"ఎలా ముంచుతారమ్మా? వాళ్ళ అన్నం తీసేసిన మనిషి. మన ఊరి గాజు ఫ్యాక్టరీ మూసెయ్యమని చెప్పింది నాన్నే కదా."

"విన్నావా ఓగ్న్యాన్? నా కూతురు."

"నేను కొత్తగా చెప్తున్నానా? టీవీలో బాబాయ్ చెప్పినప్పుడు నాన్న మన వంటింట్లోనే కూర్చుని ఉన్నాడు. 'మాకై మేం మూయడం లేదు, ఫ్యాక్టరీ లెక్కలు చూసే కాలోయనే మూసెయ్యమన్నాడు' అని బాబాయ్ అంటుంటే చూస్తూ కూర్చున్నాడు. నిజమేనా అని అడిగాను. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. తర్వాతైనా కాదన్నాడా? ఒక్కసారి? ఒక్కసారన్నా?"

"రాలీ, మీ నాన్న చేదు నిజం చెప్పాడమ్మా. దేశం ముందుకెళ్ళాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. అందుకేగా ఈ కేంద్రానికి వాడి పేరు పెట్టింది."

"ముందుకంటే ఎటు ఓగ్న్యాన్? మా ఊళ్ళో ఉన్న ఒక్క ప్రసూతి వార్డూ మూసేశారు. ఇక అక్కడ పుట్టేవాళ్ళు కూడా లేరు."

"అదే వదినా, అలాంటి ఊళ్ళని లేపడానికే ఈ కేంద్రం. పెట్టుబడులు, పరిశ్రమలు, ఎదుగుదల... పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు వస్తున్నారు."

"ముందు నరికి, ఇప్పుడు కట్టు కడతానంటావు. సరే. నేను వేదికెక్కుతాను. మాట్లాడతాను కూడా."

"ఏమని?"

"నువ్వన్నదే. 'ఫ్యాక్టరీ మూసెయ్యండని మా ఆయన పట్టుబట్టాడు. వద్దు, గాజు కరిగించే కొత్త కొలిమి ఒక్కటి పెడితే నిలబడుతుందని మంత్రిగారు కాళ్ళావేళ్ళా పడ్డారు' అంటాను. బాగుందా?"

"వదినా..."

"ఏం, తలకిందులుగా చెప్పానా? నువ్వు సరిచెయ్యి. కొలిమి అడిగిందెవరు?"

"కొలిమేంటమ్మా? ఏ కొలిమి?"

"ఏం లేదు రాలీ. పాత సంగతులు. వదినా, బయట టీవీవాళ్ళున్నారు, ఎన్నికలు దగ్గరికొచ్చాయి..."

"ఎన్నికలా? దేశ ప్రగతి అన్నావు?"

"రెండూ... రెండూ వేరా ఏంటి? చూడండి, అప్పుడు పైనుంచి ఎంత ఒత్తిడి ఉందో మీకు తెలీదు."

"ఒత్తిడి నీ మీద. ఉమ్ము ఆయన మీద."

"నాకు మాత్రం బాధ లేదా? ఈ కేంద్రానికి నా పేరు పెట్టుకోలేకనా?"

"పెట్టుకోలేవు. నీ పేరు పెడితే ఎవరూ రారు. పోనీలే. అసలు తప్పు ఆయనదే. మగాడన్నాక మీద పడ్డ నింద దులుపుకోవాలి. పిరికివాడు."

"అలా అనకండి."

"ఎందుకనను? నా మొగుడు. టీవీలో నువ్వు మాట్లాడిన రాత్రే ఫోన్ వచ్చింది. ఎవరో, ఏం చెప్పారో నాకు చెప్పలేదు. పెట్టేసి దుప్పటి కప్పుకున్నాడు. రొట్టెల కొట్లో బయటికి పొమ్మంటే వచ్చేశాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడు లేచి పోతే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నోరెత్తమని ఏడిస్తే 'ఇంకొన్నాళ్ళు స్నెజానా, ఇంకొన్నాళ్ళు' అంటాడు. పిరికిపంద! హాస్టల్లోనూ అంతేనేమో, నువ్వే చెప్పాలి."

"వదినా, చాలు."

"నీ వెనకే నక్కేవాడట కదా?"

"ఎవరు చెప్పారు? నన్ను పోలీసులు కొడుతుంటే అడ్డం పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది వాడు!"

"అది ఎప్పుడో కుర్రతనం. పెద్దయ్యాక వెన్నెముక లేదు. భయంతో నోరు మూసుకున్నాడు, ఆ భయంతోనే గుండె ఆగి చచ్చాడు. పిరికి..."

"భయం కాదు! వాడు భయపడి మూసుకోలేదు! నేను ఆగమన్నాను, ఆగాడు! ఒక్క వారం నోరు విప్పకురా, నువ్వడిగిన కొలిమి నేను ఇప్పిస్తాను, తర్వాత నేనే టీవీలో సరిచేస్తానన్నాను. నా మాట నమ్మాడు. వాడు... వాడు నమ్ముతూనే కూర్చున్నాడు. పిరికివాడట! అలాంటివాణ్ణి నువ్వు చూశావా ఎక్కడన్నా?"

"చూశాను. కాపురం చేశాను."

"వదినా, నేను..."

"బాబాయ్."

"రాలీ, అదీ... నువ్వు అనుకుంటున్నట్టు..."

"నాన్న మూసెయ్యమనలేదా?"

"అప్పటి పరిస్థితుల్లో..."

"అనలేదా?"

"...లేదు."

"శవపేటిక దగ్గర అమ్మ నన్ను నాన్న నుదుటి మీద ముద్దు పెట్టమంది. పెట్టలేదు నేను. నా స్నేహితులందరి ఇళ్ళూ ఖాళీ చేయించాడని, తల తిప్పుకున్నాను. మీరు నా పక్కనే నిలబడి ఉన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు."

"చెప్దామనే అనుకున్నాను. ప్రతిసారీ అనుకున్నాను తల్లీ. నీ చదువు నేనే చూసుకున్నది అందుకేగా?"

"ఆ చెయ్యి తియ్యండి."

"వదినా, మీరన్నా చెప్పండి. ఇప్పుడు మీరు వేదికెక్కి ఈ మాటంటే ఏమవుతుంది? ఈ కేంద్రమే ఉండదు. వాడి పేరే పోతుంది మళ్ళీ."

"నేనెక్కను."

"ఆఁ?"

"వేదికెక్కడానికి రాలేదు నేను. ఆ జనం నాకెందుకు? ఆయన మూసెయ్యమనలేదని నేను ఎన్నిసార్లు చెప్పినా మొగుణ్ణి వెనకేసుకొస్తున్నానని ఇది నమ్మలేదు. నీ నోటి నుంచి నా కూతురు వినాలి. ఇది ఒక్కతీ వింటే చాలు. అందుకే ఆయన్ని అన్నేసి మాటలన్నాను, దేవుడు నన్ను క్షమించాలి. నీకు ఆయనంటే ఇంత ప్రేమ ఉందని తెలుసు ఓగ్న్యాన్. అక్కడే పొడిచాను."

"అంతేనా? అంటే... బయట ఏమీ..."

"ఏమీ అనను. బస్సుంది, పోతాను. నా పని అయిపోయింది."

"దేవుడి దయ. మీ రుణం తీర్చుకోలేను వదినా. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ. రాలీ, కళ్ళు తుడుచుకో తల్లీ. మనం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. హాలు నిండిపోయింది. సభ నడపాల్సింది నువ్వు. వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి నన్ను పిలువు."

"రాలీ... ఎక్కడికే? అమ్మని చెప్తున్నా, ఆగు. రాలీ, ఇటు చూడు!"

"పిలుస్తాను. ముందు మీరెవరో వాళ్ళకి చెప్పి, ఆ తర్వాత పిలుస్తాను, ఓగ్న్యాన్ గారూ."