సున్నాలు తీగలోకి దిగిన రోజు

"చిన్న పనేనండీ, గొప్పలు చెప్పుకోకూడదు గానీ," అని మొదలెట్టాడు కంప్యూటర్లు బాగుచేసే వీరబ్రహ్మం, ధవళేశ్వరం లాకుల దగ్గర సుబ్బాయమ్మ టీ కొట్టులో బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని. "రాజమండ్రిలో టీబీ డాక్టరుగారు లేరూ, ఆయన పాత కంప్యూటర్ నా చేతిలో పెట్టి, 'అమ్ముకో వీరబ్రహ్మం, కానీ ముందు హార్డ్ డిస్క్ శుభ్రంగా చెరిపెయ్, పదేళ్ల రోగుల పేర్లున్నాయి అందులో' అన్నారండి. నిజమే కదా మరి, టీబీ అని తెలిస్తే ఎవరు పడవెక్కనిస్తారు?"

"నేనైతే ఎక్కనివ్వను," అన్నాడు పడవ ఆసామి బుల్లియ్య. అతని పడవలో వల లాగే త్రిమూర్తులు తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

"అదీ! అందుకే ఒట్టి డిలీట్ కొట్టి వదిలేస్తానా? డిస్క్ ఈ చివర నుంచి ఆ చివరదాకా సున్నాలు రాయించాను. ఇంకోడైతే ఒక్కసారి, నేను ఏడుసార్లు. మూడోసారికే అది ముసలాయన దగ్గినట్టు మూలగడం మొదలెట్టిందండి. ఐదోసారికి ముట్టుకుంటే వేలు కాలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?" అంది సుబ్బాయమ్మ.

"నిండిపోయిందమ్మా! నిండిపోయాక సున్నాలు ఆగుతాయా, కరెంటు తీగలోకి దిగిపోయాయి. ముందు నా కొట్టు బోర్డు మీద అక్షరాలు పోయాయి, నా కళ్ల ముందే, ఒక్కొక్కటీ. రోడ్డు మీదికి పరిగెత్తితే కాకినాడ బస్సు బోర్డు తెల్లగా ఉంది, ఎటెళ్లాలో డ్రైవరుకే తెలీదు, లోపల జనం ఒకటే ఏడుపు. ఆనకట్ట గేట్ల మీద నంబర్లన్నీ పోయాయండి, ఎటు దిగాలో తెలీక నీళ్లు కూడా నిలబడిపోయాయి!"

"గోదావరా?"

"ఆయ్, గోదావరే బుల్లియ్యగారూ, మీ మీదొట్టు! ఇంటికి పరిగెత్తాను. మా ఆవిడ తలుపు తీసి, ఎగాదిగా చూసి, 'ఎవరు కావాలండీ?' అంది. నా పేరు చెబుదామంటే నాకే రావట్లేదు! ఎంత భయపడ్డానో నాకే తెలుసు. వెనక్కొచ్చి మెయిన్ పీకేశాను కాబట్టి మీరంతా ఇవాళ ఎవరి పేర్లతో వాళ్లు టీ తాగుతున్నారు. పిఠాపురం ముసలావిడ ఒకావిడ డాక్టరుగారి దగ్గరికొచ్చి, 'నాకేం జబ్బండీ?' అని అడిగిందట, జబ్బు కూడా చెరిగిపోయి!"

అందరూ నవ్వారు. త్రిమూర్తులు నవ్వలేదు. "అయితే పేర్లన్నీ పోయినట్టేనాండీ?" అన్నాడు మెల్లగా.

"ఒక్క పొల్లు కూడా మిగల్లేదు."

పక్క బల్ల దగ్గరున్న, నెట్ సెంటర్ నడిపే సుధాకర్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ కంప్యూటర్ మీరు నాకే అమ్మారు కదండీ," అన్నాడు. "పోయిన ఫైళ్లు వెతికే సీడీ ఒకటి నిన్న వేసి చూశాను. పేర్లన్నీ వచ్చేశాయి, ఊళ్లతో సహా. మీరు పైపైన ఫార్మాట్ కొట్టి వదిలేశారు. పుస్తకంలో విషయసూచిక ఒక్కటీ చింపేసినట్టు, పేజీలన్నీ అలాగే ఉన్నాయి. నాకే భయమేసి, చదవకుండా మూసేసి, పొద్దున్నుంచి నేనే సున్నాలు రాయిస్తున్నాను. ఇప్పటికి సగం అయింది."

వీరబ్రహ్మం కాళ్లు కిందికి దించుకున్నాడు.

త్రిమూర్తులు లేచి సుధాకర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ సగం బాబూ? నా పేరున్న సగమేనా?"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. అందరూ తన వంకే చూస్తున్నారు.

"తగ్గిపోయి ఏడాదైందండీ," అన్నాడు బుల్లియ్య వైపు తిరిగి. "డాక్టరుగారే చెప్పారు, పూర్తిగా తగ్గిపోయిందని."

బుల్లియ్య అప్పటికే తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రోడ్డెక్కాడు.