పుర్రచేతి బీడీ

ఎల్లారెడ్డి ఊళ్ళో, బీడీల గల్లీలో పట్టపగలే తలుపు వేసుకుని కూర్చుంది భూదవ్వ. ఎదురుగా వినీత. ఊరి పెద్దలు చెప్పిన పాత ముచ్చట్లకు బొమ్మలు గీసి, ఆ బొమ్మలను కదిలించి సినిమాలు తీసే కామారెడ్డి జట్టులో పిల్ల. అవ్వ ఫోను చేసిందని అందిన బస్సు పట్టుకుని ఉరికొచ్చింది.

"మెల్లగ మాట్లాడు బిడ్డా. మెల్లగ. గోడకవతల మనుషులున్నరు."

"మెల్లగనే మాట్లాడుతున్ననవ్వా. ముందుగాల ఏమైందో చెప్పు."

"మాపటికి బడికాడ చూపెడ్తమన్నరు గదా, నీ బొమ్మల సినిమ. ఆపెయ్యి."

"ఆపుడా? ఊరంత డప్పు గొట్టిచ్చినమవ్వా. తెర గూడ కట్టిండ్రు."

"కట్టినోళ్ళే ఇప్పుతరు. ఆపెయ్యి."

"ఎవరన్న బెదిరిచ్చిండ్రా? బీడీ కార్ఖాన సేటు మనుషులా?"

"నేననలే. నేనేమనలే. సేటు పేరు నువ్వే ఎత్తినవ్."

"అవ్వా, ముచ్చట నువ్వు చెప్పిందే గని సినిమల సేటు పేరు లేదు, నీ పేరు లేదు. నీ ముఖం మార్చి గీసిన. గొంతు గూడ నీది గాదు, మద్నూర్ రూత్ అక్కతోని చెప్పిచ్చినం. నిన్ను దాచిపెట్టనీకే గదా గిన్ని బొమ్మలు గీసింది."

"మరి చేతులు?"

"చేతులా?"

"చేతులు ఎవరియి గీసినవ్?"

"నీయే. నువ్వు బీడీలు చుడుతుంటె ఫోన్ల వట్టుకున్న గదా, దాన్ని జూసుకుంట గీసిన. పని నిజంగ ఉన్నట్టు కనవడాలె అని. చేతులు జూసి ఎవరు గుర్తువడ్తరవ్వా?"

"ఓ పిచ్చిదానా. ఈ గల్లీల ముఖాలు ఎవరు జూస్తరే? పొద్దంత తల వంచుకునే ఉంటం. జూస్తె చేతులనే జూస్తం. పుర్రచేత్తోని బీడీ చుట్టేది ఈ ఊర్లె నేనొక్కదాన్నే."

"అయ్యో. నిన్న అందరి ఫోన్లకు ఒక చిన్న ముక్క పంపినమవ్వా. అండ్ల ఉన్నయే గవ్వి. ఉత్త చేతులే."

"అందుకే చెప్తున్న. పొద్దుగాల ఒకడొచ్చి దుకాన్ల అడిగిండట. పుర్రచేత్తోని బీడీలు చుట్టే ఆమె ఇల్లు యాడ అని. మా కోడలు అంజవ్వ చెవులార విన్నది."

"ఎవరతను?"

"ఎవరైతరు? సేటు సచ్చిపోతె కొడుకు లేడా? అంజవ్వ ఇంక గా కార్ఖానకే చుడ్తది. రేపటికెల్లి ఆకు ఇయ్యం పో అంటె ఏం దినాలె మేము?"

"పోలీసోళ్ళకు ఫోను చేద్దామా?"

"ఏమని చేస్తవ్? ఎవడో మా అత్త చేతులడిగిండు అనా?"

"అవ్వా, ఒక్క మాట. నువ్వు చాయ్ కుడిచేత్తోని తాగుతవ్. అన్నం కుడిచేత్తోనే తింటవ్. బీడీ ఒక్కటే పుర్రచేత్తోని ఎందుకు?"

"నేర్పినామెది పుర్రచెయ్యి."

"ఎవరు నేర్పిండ్రు?"

"ఎవరో. నీకెందుకు."

"గోదాముల ఉన్న ఆమేనా? నువ్వు పేరు చెప్పలే. 'ఒక ఆమె' అన్నవ్, నేను గట్లనే పెట్టిన."

"తాళం ముచ్చట చెప్పిన గదా. సాలదా?"

"చెప్పినవ్. ఆకుల గోదాము అంటుకున్నది, లోపల ఒక ఆమె ఆకు ఏరుతున్నది, బయట తాళమున్నది. తర్వాత ఏమైందంటె తల తిప్పుకున్నవ్."

"ఏమైతది. నేను నల్లకాడ ఆకు తడుపుతున్న. దర్వాజ కొట్టుడు ఇనవడ్డది. ఉరికిన. తాళంచెవి సేటు లెక్కలు రాసే మునీం జేబుల ఉండె. తియ్యి తియ్యి అని కాళ్ళు వట్టుకున్న. లోపట ఎవ్వలు లేరు, ఉత్త ఆకే కాలుతుందన్నడు. తెల్లారేసరికి ఊరంత ఒక్కటే మాట, సాలవ్వ ఎవనితోనో బొంబాయి దిక్కు భీమండికి లేచిపోయిందని."

"సాలవ్వనా?"

"నేను పేరనలే."

"అన్నవవ్వా."

"అంటె అన్న. నోరు జారింది. నువ్వు మరిసిపో."

"అత్తా. అత్తా, వచ్చిండు."

"అంజవ్వా, దొడ్డి దిక్కుకెల్లి వచ్చినవా? గొళ్ళెం వెట్టినవా?"

"పెట్టిన. గా మనిషే. మూలమీద ఆటో ఆపిండు. దుకానం లింబాద్రి మామ చెయ్యివెట్టి మరీ చూపిచ్చిండు మనిల్లు. ఆయన నోరు కాలిపోను."

"సేటు కొడుకా?"

"కాదు. ముఖమెర్క లేదు. ఒక్కడే వస్తుండు."

"ఒక్కణ్ణే పంపుతరు. గోదాము కాలినంక గూడ సేటు మనిషి ఒక్కడే వచ్చిండు. గల్మల, గడపకాడ కూసుండి చాయ్ తాగిండు. నీకెంతమంది పిల్లలే అని అడిగిండు. గంతే, లేచి పోయిండు. గా చాయ్ గిలాస నేను మళ్ళ ముట్టలే."

"అవ్వా, నేను బయటికి పోయి మాట్లాడుత. గీసింది నేను గదా."

"కూసో. కూసో అంటున్న గదా. నీ చెయ్యి ఇటియ్యి. సప్పుడు జెయ్యకు."

"దర్వాజ కొడ్తుండత్తా."

"నాకినవడ్తలేదనుకున్నవా."

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా? భూదవ్వ ఇల్లు గిదేనా?"

"లేదు నాయనా. భూదవ్వ ఊరికి పోయింది."

"మరి నువ్వెవరవ్వా?"

"నేను... నేనెవరో."

"బుగులువడకవ్వా. నన్నెవ్వలు పంపలే. గాంధారిల ఆటో నడుపుత. ఫోన్ల బొమ్మ జూసి వచ్చిన. గా చేతులు ఎవరియి?"

"బొమ్మకు చేతులెవరియైతయ్? ఉత్త గీతలు. పో బిడ్డా, పో."

"ఉత్త గీతలు గావు. బీడీ మూతి ముడిసేటప్పుడు చిటికెనేలు పైకి లేస్తది. నాకెర్క. నా పేరు ప్రభుదాసు. చిన్నప్పుడు మా అమ్మ ముంగట కూసుండి దారం తుంచి ఇస్తుంటి. అమ్మ ముఖం యాదికి లేదవ్వా. ఫోటువ లేదు. చేతులొక్కటే యాదికున్నయ్."

"అంజవ్వా... సాలవ్వ కొడుకే. చిటికెనేలు గూడ ఆమెదే, ఆమెను జూసే నేర్చుకున్న."

"మెల్లగ అత్తా, ఇంటడు."

"లేచిపోయినదాని కొడుకు అనిపిచ్చుకుంట పెరిగిన అవ్వా. భీమండికి పోయి అమ్మను లెంకిన గూడ. బట్టలు నేసే సాంచాలకాడ, బీడీలకాడ, యాడ ఆడోళ్ళు కనవడ్డా చేతులే జూసిన. తిట్లు వడ్డ, దెబ్బలు గూడ తిన్న. యాడ దొరకని చేతులు నిన్న నా ఫోన్లకు వచ్చినయ్."

"ఏడ్వకవ్వా. ఏం చెప్దామతనికి?"

"ఏం జెప్పాలెనో ఎర్కయితె గిన్నేండ్లు ఎందుకు ఊకుంట బిడ్డా. సేటుకు భయపడుడు అలవాటే. గీ పోరడు ఒకనాడు వచ్చి అడుగుతడని, గదే బుగులు నాకు."

"లోపటున్న అవ్వా. నువ్వు నిజంగ భూదవ్వవేనా?"

"గదేం మాట?"

"పేరు మార్చుకొని గిక్కడ ఉంటున్నవేమోనని. నువ్వు మా అమ్మవైతే దర్వాజ తియ్యి. ఎందుకు ఇడిసిపోయినవని గూడ అడుగ. కాకుంటె తియ్యకు. గిట్లనే మర్లి పోత. యాడనో ఉన్నదనుకుంట."

"తియ్యకత్తా. గట్లనన్న పోనీ. ఉన్నదనుకుంటనే బతుకుతడు."

"వినీతా."

"ఆఁ అవ్వా."

"మాపటి సినిమ ఆపకు. ఒక ఆమె అని పెట్టినకాడ సాలవ్వ అని పెట్టు."

"పెడ్త. మరి నీ పేరు?"

"మళ్ళ కొడ్తుండత్తా."

"గొళ్ళెం తియ్యవే అంజవ్వా, ఉన్నదున్నట్టు చెప్త. గోదాముల సాలవ్వ గూడ గిట్లనే కొట్టింది."