పొగల ఎంతసేపున్నవు?

ములుగు అవతల అడవి అంచు పల్లె. మూడు రోజులుగా అడవి కాలుతోంది. ఆశా కార్యకర్త వినోద, సమ్మమ్మ వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టింది. పక్కన కోడలు దీప, చంకలో పసిపిల్ల.

“ఎనభై ఆరే చూపెడ్తాంది. ఇంకో వేలు పెట్టు పెద్దమ్మా.”

“వేలుకు పసుపున్నది బిడ్డా, అందుకే...”

“పసుపుకు ఊపిరి తగ్గుతదా! దీపా, జీపు వస్తాంది. అత్తను వరంగల్ దవాఖానకు తీస్కపోవాలె.”

“తీస్కపోదాం అక్కా. పొద్దటి సంది మాట గుడ వస్తలేదు.”

“వస్తాంది గద మాట! ఊరంత పొగనే పీలుస్తాంది. నన్నొక్కదాన్నే జీపెక్కిస్తరా?”

“ఊరంత ఒక్కతీరు పీలుస్తలేదు పెద్దమ్మా. రోడ్డు మీది రామలింగం సారుది నీ వయసే. తలుపులు బిగిచ్చుకొని కూసున్నడు, తొంభై ఆరున్నది. గుడిసెల ఉండే కట్టయ్య తాతకు తొంభై రెండు. నీకే గింత తక్కువెందుకున్నది?”

“సారు కూసుంటడు. నేను గుడ కూసుంటె ఇప్పపువ్వు ఎవలేరుతరు?”

“అడవిల ఎంతసేపున్నవు?”

“జరసేపే.”

“జరసేపంటే? డాక్టర్‌కు రాసియ్యాలె నేను.”

“నిన్న పొద్దుగాల పోయిన, అంబటాళ్లకు వచ్చిన. ఒక్కపూట.”

“నిజమేనా దీపా?”

“అక్కా... పొగకు చంటిపిల్లలకు ఏమన్నయితదా?”

“నేనడిగింది అత్త గురించి.”

“పువ్వు ఏరనీకే పోయింది. పువ్వు...”

“పువ్వేది మరి? గంపల ఒక్కటి గుడ లేదు. చేతులేమో బొబ్బలు. పువ్వేరితే బొబ్బలొస్తయా పెద్దమ్మా?”

“దీపా, పిల్ల ఏడుస్తాంది. లోపలికి తీస్కపో.”

“ఏడుస్తలేదత్తమ్మా.”

“పో అంటాన్న గదా!”

“నీకు దగ్గొస్తాంది, మెల్లగ మాట్లాడు పెద్దమ్మా. ఉన్నదున్నట్టు తెలిస్తెనే డాక్టర్ సరిగ్గ చూస్తడు. ప్రాణం మీదికి తెచ్చుకోకు.”

“చెప్పిన గద. ఒక్కపూట. రాసుకో.”

“ఒక్కపూటని రాయకు అక్కా.”

“దీపా! నోర్ముయ్యి. ఫారెస్టోళ్లు తిరుగుతాన్లు.”

“తిరగనియ్యి. మూడు దినాలు అక్కా.”

“మూడు దినాలు పువ్వు ఏరిందా, ఆ పొగల?”

“పువ్వుకు కాదు. అత్తమ్మకు కండ్లు సరిగ కనవడయి. కింద ఆకు కాలవెడ్తె నల్లటి నేల మీద పువ్వు తెల్లగ కనవడ్తదని, ఇప్పచెట్టు కింద నేనే అగ్గివెట్టిన. గాలికి గుట్ట మీదికి పాకింది. పిల్లతల్లివి, పొగలకు రాకని నన్ను ఇంట్ల ఉంచి, పచ్చికొమ్మ వట్టుకొని మూడు దినాల సంది నేను వెట్టిన మంట ఒక్కతే ఆర్పుతాంది.”