పులి కార్డుకు అంచు కోత

నోటికి తలుపు లేనివాడి ముందు చెవికి గొళ్ళెం లేనివాళ్ళు చేరితే, పొద్దు ఎట్లా వాలిందో పొద్దుకే తెలియదట. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, మార్కాపురం పలకల షెడ్ల ఎదుట కొండయ్య టీ కొట్టు అటువంటి చోటు.

పలకల వ్యాపారి జగన్నాథం శెట్టికి ఒక పిచ్చి ఉండేది. యుద్ధానికి ముందు సిగరెట్టు పెట్టెల్లో వచ్చిన బొమ్మ కార్డులను ఇరవై ఏళ్ళుగా ఏరి, ఒక ఆల్బంలో దాచుకున్నాడు. అందులోని పులి కార్డు ఆయనకు ఆరో ప్రాణం.

ఆ ఉదయం బడిపంతులు దేవదానం మెల్లగా అడిగాడు. "శెట్టిగారూ, ఆ ఆల్బం బడికిస్తే పుణ్యముంటుంది. మా పిల్లలు ఒంటెను చూపిస్తే గూనిబర్రె అంటున్నారు."

శెట్టి చంకలోని ఆల్బంను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. అయినా మీసం దువ్వాడు. "ఇస్తా పంతులూ! నా పులి కార్డులో ఒక్క కోత చూపించు, ఆల్బమంతా ఇచ్చేస్తా. అరిగిన అంచు కత్తిరించి, తెల్లగా తేలిన కోతకు రంగు పూసి, పాతదే అని అంటగట్టే దొంగలు దేశం నిండా ఉండారు. వాళ్ళ పాలిటి యముణ్ణి నేను. ఇదిగో, ఈ వేలే నా యమపాశం!" అని, ఎప్పుడో పలక చీరి అడ్డంగా గాటు పడిన బొటనవేలు ఎత్తి చూపాడు.

"ఆ కార్డు యాడ దొరికింది మామా?" అన్నాడు బండి తోలే పిచ్చయ్య. ఆ ప్రశ్న కోసమే కాచుకొని ఉన్న శెట్టి, ఆల్బంలోంచి పులి కార్డు పైకి తీశాడు.

"గిద్దలూరులో రైలెక్కినా. ఎదురుగా మద్రాసాయన ఒకడు పులి కార్డు తీసినాడు. వేలు పెట్టినా. కోత! పులికి తోక చివర లేదు. 'ఏందయ్యా ఇది?' అంటే, 'పుట్టుకతోనే మొండి తోక' అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? దిగువమెట్ట దాటి రైలు సొరంగంలో దూరింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లో నా చేతిలోని కార్డు గుర్రుమంది!"

"కార్డా?" అన్నాడు కొండయ్య, టీ వడపోత గుడ్డ చేతిలో అట్లే పట్టుకొని.

"కార్డే! పులి బయటికి దూకి, తోక కోసం బెంచీల కింద ఎతుకుతా ఉంది. ఆ గాండ్రింపుకు నల్లమల పులులు పదకొండు పట్టాల మీదికొచ్చి సాక్ష్యానికి కూర్చున్నాయి. రైలు ఆగింది. డ్రైవరు బొగ్గులో తల దాచుకున్నాడు. నేను దిగి, 'నాయనలారా, తీర్పు నేను చెప్తా, దారి ఇడవండి' అంటే..."

"ఇడిచినాయా?"

"వరసగా పడుకొని దండం పెట్టినాయి పిచ్చయ్యా! మద్రాసాయన నా కాళ్ళ మీద పడి, తలపాగాలో దాచిన అసలు కార్డు తీసిచ్చినాడు. కత్తెర గాలి గూడా సోకని కార్డు. అదే ఇది!"

పలకల అంచులు కోసే చెంచమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ముప్పై ఏళ్ళుగా శెట్టి షెడ్డులో ఆమె చేసేది ఆ అంచుల పనే. "ఒకసారి ఇట్ల ఇయ్యి శెట్టిగారూ."

ఇవ్వనంటే పరువు పోతుంది. ఇచ్చాడు. ఆమె నాలుగంచులూ గోటితో తడిమింది. మూడంచులు మెత్తగా ఉన్నాయి, నాలుగోది గరగరమంది. వేలు తడిచేసి దాని మీద రుద్దింది. వేలికి బూడిదరంగు అంటింది, అంచు కింద తెల్లగా తేలింది.

"రంగు కాదిది. మన పలక పొడి."

అందరూ కార్డు మీదికి వంగారు. శెట్టి మాత్రం గుక్క తిప్పుకోకుండా లేచాడు. "చూసినారా! మార్కాపురం పలక పొడి మద్రాసు దాకా పోయింది! మన సరుకు లేనిదే అక్కడి దొంగకు గూడా పూట గడవదు!"

చెంచమ్మ నవ్వలేదు. కార్డు తిప్పి పట్టుకుంది. వెనకవైపు, అదే బూడిదరంగులో ఒక బొటనవేలి ముద్ర ఉంది. నడిమధ్య అడ్డంగా గాటు.

"పొడి పోయింది సరే. నీ వేలు గూడా మద్రాసు పోయొచ్చిందా శెట్టిగారూ?"

పిచ్చయ్యకు టీ ముక్కులోకి ఎక్కింది. కొండయ్య తలుపు చాటుకు పోయి నవ్వాడు. శెట్టి తన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నాడు. పిదప ఆల్బంను గుండెకు ఒకసారి హత్తుకొని, పులి కార్డును దాని చోట అమర్చి, దేవదానం ఒళ్ళో పెట్టాడు. మెడ మాత్రం వంచలేదు.

"మాట అంటే మాటే, తీసుకుపో. అయితే పంతులూ, పిల్లలకు పులిని చూపించేటప్పుడు సొరంగం సంగతి ఇడిచిపెట్టినావంటే ఊరుకోను. పదకొండు పులులు. ఒకటి తగ్గినా బడికొచ్చి కూర్చుంటా!"