డప్పు వినని ఇండ్లు

పంతొమ్మిది వందల ఎనభై ఆరు, ఎండకాలం. నారాయణఖేడ్ దవాఖానల డాక్టర్ ముందు ఊరి చాటింపు మనిషి డప్పు ఒళ్లో పెట్టుకొని కూసున్నడు.

“షుగర్ బీమారే. మన ఒళ్లు చిన్న చిన్న కణాలతోటి కట్టింది. ఒక్కో కణం ఒక్కో ఇల్లనుకో. ‘నెత్తుర్ల చక్కెరొచ్చింది, తలుపు తీయుండ్రి’ అని ఇన్సులిన్ వాటికి చాటింపేస్తది.”

“నా లెక్కనే.”

“నీ లెక్కనే. కని నీ ఒంట్లె ఇండ్లు ఇంటలేవు. చక్కెరంత బజార్లనే ఉండిపోయింది.”

“రోజూ కొడ్తె ఎవరింటరు సారూ? పన్ను కట్టుండ్రని కొట్టికొట్టి నా చేతులు పడిపోయినయ్. ఒక్క తలుపు తెరువలే.”

“ఇన్సులిన్ గూడ గట్లనే అలిసిపోతది. మిగిలిన చక్కెర కండ్లను, కాళ్లను తింటది.”

“మా అన్న కాలు గట్లనే తీసేసిండ్రు. ఇగ నేనేం జెయ్యాలె?”

“గోలీలు ఏసుకో. రోజూ నడువు. నడిస్తె చాటింపు లేకున్నా కండల తలుపులు తెరుసుకుంటయ్.”

“నడుసుడే నా పని. డప్పు ఇనకుంటె ఇంటింటికి పోయి చెప్త.”

“పోయిన కాడ ఏం తాగుతవ్?”

“చాయ్. చాటింపోనికి చాయ్ పొయ్యకుంట పంపరు. చక్కెర దండిగ ఏస్తరు. వద్దంటె అలుగుతరు.”

“నీ ఒంట్లె ఇండ్లను చెవిటియి జేసేది గా చాయే.”

“అయితె రేపే డప్పు కొడ్త, నా చాయ్ల ఎవరు చక్కెర ఎయ్యొద్దని.”

“నీ డప్పు ఎవరు ఇంటలేరంటివి గద?”

“గిది ఇంటరు సారూ. రేషన్ చక్కెర మిగుల్తది గద.”