చీమ కుట్టినంతే

బెళుగుప్ప బస్టాండు పక్కన రంజాన్ బీ కొట్టుకాడ పొద్దున ఏడు కొట్టేసరికి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తయారై ఉండాల. ఇరవై రెండేండ్లుగా పొయ్యి ముందర మోకాళ్లు మడిచి కూచోని బజ్జీలు వేస్తానే ఉండాది ఆమె. ఇప్పుడు ఆ మోకాళ్లే ఆమెను వేపుకుతింటాండాయి. కూచుంటే లెయ్యలేదు, లేస్తే కూచోలేదు. అదే ఊరి సోమప్పకు మోకాలు మార్చిన బెంగుళూరు ఆసుపత్రోళ్లే, ఈమెను కూడా సోమవారం ఆపరేషనుకు రమ్మని చీటీ రాసిచ్చినారు. ఆ చీటీ రవికలో దోపుకోని నాలుగు దినాలుగా తిరుగుతాండాది. పోవాల్నా వద్దా అనేది తేలలేదు. ఆమెకు తెలియాల్సింది ఒకటే, నొప్పి ఎంతుంటాదని.

అడుగుదామంటే ఊర్లో మోకాలు మార్పించుకున్నోడు ఒక్కడే ఉండాడు. ఆ ఒక్కడూ సోమప్పే కావడం ఆమె నసీబు.

సోమప్ప నలభై ఏండ్లు గొర్లు కాసినోడు. గొర్ల ఎనకాల తిరిగేటోనికి మాట్లాడేందుకు మనిషి దొరకడు కదా, అందుకని మనిషి కనబడితే చాలు, దాచిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కతూరి బయటపడతాయి. కోతలు కోసేదాంట్లో ఆయన్ను మించినోడు చుట్టుపక్కల పల్లెల్లో లేడు. చెడ్డోడు మాత్రం కాదు. ఆపరేషనై రెండు నెలలైంది, దినామూ కర్ర పట్టుకోని కొట్టుకాడికి వచ్చి పందిరి గుంజకు ఆనుకోని నిలబడతాడు.

"సోమన్నా, నిజం చెప్పు," అనింది రంజాన్ బీ, టీ గ్లాసు అందిస్తా. "నొస్తాదా?"

"నొప్పా? చీమ కుట్టినంతే," అన్నాడు సోమప్ప. ఆడికి ఆపింటే బాగుండు. ఆపితే ఆయన సోమప్ప ఎట్లవుతాడు?

"అది కూడా ఎర్రచీమ కాదు, నల్లచీమ. మత్తుమందు ఇస్తామంటే నేనే వద్దన్నా. 'డాక్టరప్పా, నలభై ఏండ్లు ముళ్లకంపల్లో తిరిగిన కాలు ఇది, నువ్వు కోసుకుంటా పో, నేను మాట్లాడుకుంటా ఉంటా' అన్నా. ఆయన కోస్తాండాడు, నేను మా పొట్టేలు కథ చెప్తాండా, నర్సమ్మలేమో కత్తెర్లు ఆడాడ పడేసి వింటాండారు. డాక్టరు నవ్వి నవ్వి కుట్లు వంకర వేసినాడు, కావాలంటే చూడు."

"పంచె ఎత్తొద్దులే, తింటాండాం," అన్నాడు చౌడప్ప. ఈయన చెనిక్కాయ రైతు. వరసగా మూడో ఏడు కూడా వాన మోసం చేసి చేను ఎండిపోతే, చేసేందుకు పనిలేక కొట్టు ముందర బండమింద కూచోనుంటాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు సోమప్ప. "కసరత్తులు చేయించే మేడం వచ్చింది, జయంతి అని. 'తాతా, మోకాలు కొంచెం వంచు' అనింది. కొంచెమేందమ్మా అని వంచితి. మడమ వచ్చి ఈపుకు తగిలింది. ఆయమ్మకు నోట మాట లేదు. డాక్టరు చదువు చదివే పిల్లోళ్లు ముప్పై మంది మంచం చుట్టూ మూగి రాసుకోని పోయినారు. పదో దినం, వరండాలో నాలుగడుగులు వెయ్యి తాతా అంటే, నాలుగడుగులకు చెప్పులెందుకు అరగదీసేదని ఒకే ఉరుకు ఉరికితి. నా ఎనకాల మేడం, ఆమె ఎనకాల డాక్టరు, ఆయన ఎనకాల వాచ్‌మన్. యాడ దొరుకుతా? హిందూపురం దాటినాక గానీ నిలబడలే."

"అంతదూరం పోయినోడివి, లేపాక్షి నందిని కూడా చూసొచ్చింటావు," అన్నాడు చౌడప్ప.

"చూడకుండా వస్తానా? నా మోకాలు చూసి అంతలావు నంది ఇంత పక్కకు జరిగి దోవ ఇచ్చింది."

బజ్జీలు తిప్పుతా వింటాండాది రంజాన్ బీ. మొదట్లో ఆమెకూ నవ్వొచ్చింది. నంది జరిగినాక నవ్వు రాలేదు. నంది జరిగింది అబద్ధమైతే చీమ కుట్టింది కూడా అబద్ధమే కదా. ఇంత పెద్ద కోతల కుప్పలో ఒక్క నిజం గింజైనా దొరకదా అని ఆమె వెతుక్కుంటాండాది.

"ఇంటికొచ్చినాక, సోమన్నా? అప్పుడన్నా నొచ్చిందా?"

"ఇంటికొచ్చినాకనా? మొన్న గుట్టకు కట్టెలకు పోతే ఎలుగుబంటి అడ్డం వచ్చింది. కర్రెత్తలే, రాయెత్తలే. ఈ మోకాలు ఒక్కటి ఎత్తితి. ఇనుము కదా, టంగుమనింది. అది పడింది చూడు పరుగు, పోయి పోయి రామగిరి గుట్టమింద గాలిమరకు గుద్దుకునింది. అంతవరకూ నిలిచిపోయిన మర, ఆ దెబ్బకు తిరగబట్టింది, ఇప్పటికీ ఆగలే. ఇదేముంది, మా నారాయణప్ప బోరు సంగతి తెలుసా? ఆరునూర్ల అడుగులు వేసినా దుమ్ము తప్ప రాలే. నన్ను పిలిచినారు. ఆ గుంతకాడ మోకాలు మోపి ఒక్క నొక్కు నొక్కితి. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచినాయి."

"ఏవప్పా మరి ఆ నీళ్లు? మా చేను పక్కనే కదా."

"కరెంటు పోయింది."

కొట్టుకాడ ఉన్నోళ్లంతా నవ్వినారు. రంజాన్ బీ నవ్వలేదు. గోడ పట్టుకోని, అల్లా అల్లా అనుకుంటా లేసి, కాలీడ్చుకుంటా ఆయన ముందరికి వచ్చింది. ఆయన చేతిలో టీ అట్లే ఉండాది, మీగడ కట్టి.

ఆయన ఊరికొచ్చినప్పటి నుంచి ఆమె చూస్తానే ఉండాది. ఆపరేషనుకు ముందు సోమప్ప దినామూ చౌడప్ప పక్కన బండమింద కూచోని టీ తాగేవాడు. వచ్చినాక ఒక్క దినం కూడా కూచోలేదు. నిలబడేది కూడా పాత సోమప్ప నిలబడినట్ల లేదు. గొర్లు కాసేటోళ్లు ఎంతసేపైనా ఒంటికాలిమింద నిలబడతారు. రెండో కాలు మడిచి, పాదం మోకాలికి ఆనించి, గడ్డం కర్రమింద పెట్టుకుంటారు. అట్ల నిలబడేది చూసే మైలు దూరం నుంచి సోమప్పను గుర్తుపట్టేవాళ్లు.

"సోమన్నా," అనింది మెల్లగా. "ఎలుగుబంటిని ఇడిచిపెట్టు. గొర్లకాడ నిలబడినట్ల ఒక్కతూరి నిలబడు, చూస్తా."

సోమప్ప టీ గ్లాసు ఆమె చేతికిచ్చినాడు. రెండు చేతుల్తో కర్ర పట్టుకోని కొత్త మోకాలు మడవబోయినాడు. కాలు జానెడు లేసింది, కొయ్య మాదిరి బిగుసుకోని ఆడే నిలిచిపోయింది. మొగమంతా చెమటలు పట్టినాయి. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. చౌడప్ప గబుక్కున లేసి ఆయన చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"వంగదు రంజానమ్మా," అన్నాడు సోమప్ప. "ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆ జయంతమ్మ దినానికి మూడుతూర్లు వంచిపిచ్చింది. ఇంటికి పోయినా ఇడ్సొద్దు తాతా, ఇడిస్తే బిగుసుకుపోతాది, మూడు నెలలు దాటితే వంచేది శానా కష్టం అని చెప్పి చెప్పి పంపిచ్చింది. ఇంట్లో మొదటిదినం వంచుతా వంచుతా ఏడ్సేసినా. మా ఆంజినమ్మ చూసింది. ఇన్నేండ్ల కాపురంలో నేను ఏడ్సింది నా పెండ్లాము చూడలే. సిగ్గేసింది. మర్నాటి నుంచి, కసరత్తు రంజానమ్మ కొట్టుకాడ చేస్తాండా అని చెప్పి ఈడికొస్తాండా."

రంజాన్ బీకి కోపమూ వచ్చింది, పాపమూ అనిపించింది. లోపలికి పోయి, తన చెక్కకుర్చీ ఈడ్చుకోని వచ్చి పందిరి కింద వేసింది.

"ఎట్ల వంచమనింది ఆయమ్మ?"

"కుర్చీలో కూచోని, పాదం కింద గుడ్డ పెట్టుకోని, నేలమింద ఎనక్కి జరపాల. పది లెక్కపెట్టేదాకా అట్లే పట్టుకోవాల."

"ఇంకా నెల దినాలు ఉండాది కదా. కూచో. ఆంజినమ్మకు చెప్పింది ఈపొద్దు నుంచి నిజమైపోతాది." తన భుజం మింద టవల్ తీసి ఆయన పాదం కింద పరిచింది. "ఏడుపొస్తే ఏడువు. ఈడ ఉల్లిగడ్డలు తరుగుతాంటాము, అందరి కండ్లల్లో నీళ్లే."

సోమప్ప పాదం ఎనక్కి జరిపినాడు. చౌడప్ప లెక్కపెట్టినాడు. నాలుగుకు సోమప్ప కుర్చీ చేతులు పట్టుకున్నాడు, ఆరుకు కండ్లు మూసుకున్నాడు, ఎనిమిదికి నీళ్లు కారి మీసంలోకి దిగినాయి. పది అయినాక గానీ పాదం ముందుకు తీయలేదు.

"నొస్తాందా?" అనింది రంజాన్ బీ.

"చీమ..." అని మొదలుపెట్టినాడు, ఆమె మొగం చూసి ఆగినాడు. "చీమ కాదు రంజానమ్మా. తేలు. వంచినప్పుడల్లా కుడతాది. కానీ ఎముకల్లో నమిలే ఆ పాతనొప్పి ఉండేది చూడు, నీకు తెలుసు కదా, అది పోయింది. నా మాట నమ్మొద్దు, ఇదొక్కటి నమ్ము."

రంజాన్ బీని రెండుతూర్లు తేలు కుట్టింది. ఒకతూరి చెనిక్కాయ కట్టెలో, ఇంకోతూరి పొయ్యి పుల్లల్లో. రెండుతూర్లూ మర్నాడు ఏడు కొట్టేసరికి కొట్టు తెరిచింది. ఆమె రవికలో చీటీ తీసి, మడత ఇప్పి, చౌడప్ప చేతిలో పెట్టింది.

"సోమారం బెంగుళూరు బస్సు ఎన్ని గంటలకో కనుక్కో చౌడన్నా," అనింది. "తేలైతే ఎంత నొస్తాదో నాకు తెలుసు."