నిచ్చెన కింద ‘నే’

గ్రీసులో కాలమాటా దగ్గరి ఊళ్లో, ఆలివ్ కాయలు దులుపుతూ నిచ్చెన మీంచి పడి తొడ ఎముకలో రాడ్డు వేయించుకుని ఇంటికొచ్చిన పానాగోస్‌కి, బల్గేరియా నుంచి కాపురానికొచ్చిన కోడలు రాలిత్సా, రక్తం గడ్డకట్టకుండా పొట్టలో సూది వేయబోతోంది.

“పొట్ట బిగపట్టకండి మావయ్యా. వదిలెయ్యండి.”

“వదిలేశానమ్మా. ఇంకా వదిలితే మంచం దిగి పోతుంది. నిన్న ఆదివారం కదా, మీ అమ్మకి ఫోన్ చేశావా?”

“కిటికీ వైపు చూడండి.”

“నేనడిగింది...”

“అయిపోయింది. దూది నొక్కి పట్టుకోండి. సూప్ తెస్తాను, మీకిష్టమని నిమ్మకాయ ఎక్కువే పిండాను.”

“సూపెక్కడికీ పారిపోదు, కూర్చో. ఫోను మోగుతుంటే దిండు కింద పెట్టేశావట. నీ కూతురే చెప్పింది.”

“దానికి నోరాగదు.”

“దానితో కూడా మీ భాష మానేశావట. ‘తాతా, అమ్మకి నా మీద కోపమా’ అని వచ్చి అడుగుతోంది. ఏం చెప్పమంటావు?”

“ఆ భాష ఇంక ఈ ఇంట్లో వద్దు మావయ్యా.”

“ఎవరన్నారు వద్దని? స్టాథిస్ గాడా?”

“మీ అబ్బాయి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మీరు పైనుంచి ‘నిచ్చెన పట్టుకున్నావా’ అని అడిగారు. నేను కింద కాయలు పడే వల సర్దుతున్నాను. లేదని చెప్పాలి. ‘ఓహి’ అనాలి. ఇన్నేళ్లుగా మీ గ్రీకులో అంటున్నదే. ఆ ఒక్కసారి మా ‘నే’ వచ్చేసింది నోట్లోంచి. మాకు ‘నే’ అంటే లేదు, మీకు ‘నే’ అంటే అవును. పట్టుకున్నాననుకుని కాలేశారు.”

“పోనీలే. కాఫీ కొట్టు దగ్గర వాళ్లకి చలికాలమంతా నవ్వుకోడానికి దొరికింది.”

“నవ్వుకుంటారు, వాళ్లకేం. బాత్రూంకి నడిపిస్తుంటే మీరు పళ్లు బిగపట్టుకుంటారు. నేను చూడట్లేదనుకుంటారు. నా నోటి వల్లే ఇదంతా. అమ్మతో మాట్లాడాలంటే మళ్లీ ఆ నోరే తెరవాలి కదా.”

“ఆవిడేం చేసింది పాపం? ఫోను ఇటివ్వు, నేను కలుపుతాను.”

“ఓహి.”

“మీ భాషలో చెప్పు.”

“ఏంటండీ ఇది, సూప్ చల్లారిపోతుంది.”

“చల్లారనీ. మీ అమ్మతో మాట్లాడతావా, మాట్లాడవా?”

“వదిలెయ్యండి మావయ్యా.”

“మాట్లాడతావా?”

“నే.”

“మళ్లీ అను.”

“నే. చాలా? నన్నెందుకిలా ఏడిపిస్తారు?”

“ఏడవకమ్మా. మేం అవునని ‘నే’ అంటే కాస్త సాగదీస్తాం. నువ్వు మీ భాషలో కాదంటే కత్తిరించినట్టు అంటావు. ఫోన్లో మీ అమ్మతో నువ్వు దెబ్బలాడుతుంటే ఇన్నేళ్లుగా పక్కగదిలో కూర్చుని వింటున్నాను. ఆ మాత్రం తెలీదా నాకు?”

“తెలుసా? అంటే ఆ రోజు...”

“పై కొమ్మన ఇంకో నాలుగు గుత్తులున్నాయి. అవి దులిపి దిగుదామనుకున్నాను. ఈ వయసులో మళ్లీ నిచ్చెనెక్కితే తోట కౌలుకిచ్చేస్తానని స్టాథిస్ గాడు ముందే బెదిరించాడు నన్ను. ఎలా పడ్డావని ఆస్పత్రిలో నిలదీస్తే, నీ ‘నే’ని అవుననుకున్నానని నోటికొచ్చింది చెప్పేశాను. ఊరంతా నవ్వింది. నవ్వితే పోతుందిలే అనుకున్నాను.”

“మావయ్యా, నేనేమన్నానని వినపడింది మీకు?”

“లేదన్నావనే వినపడింది తల్లీ. వినే కాలేశాను.”